పాత ఫాంటులోని జాబితా, కొత్త కేటలాగు

ప్రశ్న: గుంటూరులో గ్రంథాలయ సహాయకురాలిని. కార్డు కేటలాగును ‘కోహా’ అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించమన్నారు. నేను పాత ఫాంటులో టైపు చేసిన తెలుగు పుస్తకాల జాబితా అందులో అర్థంకాని గుర్తులుగా కనిపిస్తోంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, పాత ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల సంకేతాలకే తెలుగు రూపాలు తొడుగుతాయి కనుక, ఆ ఫాంటు లేనిచోట పాఠం గజిబిజి అవుతుంది. జాబితానంతా మళ్లీ కొట్టనక్కర్లేదు. ఫాంటు కన్వర్టర్‌తో, తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలుండే యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు ఒక్కొక్కటిగా సరిచూడండి. ఇకపై యూనికోడ్‌లోనే టైపు చేయండి.

అంతకన్నా శ్రద్ధ పెట్టవలసినది రచయితల పేర్ల మీద. ఒకరు ‘గుర్రం జాషువా’ అనీ, మరొకరు ‘జాషువ, గుఱ్ఱం’ అనీ నమోదు చేస్తే, పాఠకుడు వెతికినప్పుడు కొన్ని పుస్తకాలు అలమరలో ఉండి కూడా తెరమీద కనబడకపోవచ్చు కాబట్టి, సిబ్బంది అంతా కలిసి ఒకే రూపాన్ని ఖాయం చేసుకుని, ప్రామాణిక నామాల పట్టికలో చేర్చండి. 2000లో న్యూజిలాండ్‌లో వాడుకలోకి వచ్చిన కోహా అనే ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, గ్రంథాలయాల మధ్య రికార్డులు వెతికి తెచ్చుకునే ప్రమాణమైన ‘జడ్39.50’ ద్వారా ఇతర గ్రంథాలయాల రికార్డులను దించుకునే వీలు కూడా ఉంది.