మొదటిసారి పియానో కచేరీకి వెళ్తే బోర్ కొడుతుందా?

కర్ణాటక సంగీతం తప్ప వేరేది విన్నది లేదు, పియానో రిసైటల్ టికెట్ చేతికొచ్చింది, కూర్చోగలనా అని అడిగారు. నాదీ మీ పరిస్థితే. 2025 ఏప్రిల్‌లో న్యూయార్క్ కార్నెగీ హాల్లో యున్‌చాన్ లిమ్ కచేరీకి మా బావ లాక్కెళ్ళాడు. లిమ్ కొరియా కుర్రాడు. 2022లో అమెరికాలో వాన్ క్లైబర్న్ అనే పెద్ద పియానో పోటీ గెలిచేనాటికి 18 ఏళ్ళు. అంత చిన్న వయసులో ఆ పోటీలో బంగారు పతకం కొట్టినవాళ్ళు అంతకుముందు లేరు.

ముందు ఒక కొత్త చిన్న ముక్క వాయించి, తర్వాత జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన 'గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్' మొదలుపెట్టాడు. 1741లో అచ్చయిన రచన. మొదట ఏరియా అనే నెమ్మదైన పాట, ఆపైన 30 వేరియేషన్లు, అంటే దాన్నే ఆధారం చేసుకుని రకరకాలుగా అల్లిన ముక్కలు, చివర మళ్ళీ అదే ఏరియా. గంటకు పైనే, మధ్యలో విరామం లేదు.

నేను చేసిన పొరపాటు చెప్తాను. ఏరియాలో పైన వినబడే పాటను పట్టుకుని, వేరియేషన్లలో దానికోసమే వెతికాను. మూడోదానికల్లా దారి తప్పాను. బావ చెవిలో "పైన కాదురా, కింద విను" అని గొణిగాడు. ముందు వరుసలో ఒకావిడ వెనక్కి తిరిగి చూసిన చూపు ఇంకా గుర్తుంది! కానీ ఆ మాటతోనే దారి దొరికింది. మారనిది మంద్రంలో నడిచే స్వరాల వరుస, దాని మీది కల్పనే మారుతుంది. కచేరీల్లో నెరవల్, అంటే ఒకే పంక్తిని రకరకాలుగా మార్చి పాడడం, విన్న చెవికి ఇది కొత్త కాదు.

సీటు ఎడమవైపు దొరికితే వదలకండి, చేతులు కనబడతాయి. ఇందులో కొన్ని వేరియేషన్లు పియానోకి ముందుతరం వాద్యమైన, రెండు వరుసల మెట్లున్న హార్ప్సికార్డ్ కోసం రాసినవి. పియానోకి ఉన్నది ఒకటే వరుస కాబట్టి చేతులు ఒకదాని మీంచి ఒకటి దూకుతుంటాయి. ఎడమచెయ్యి కుడిచేతిని దాటి, ఒక్క స్వరం మీటి, వెనక్కి వచ్చేసేది. బాల్కనీ నుంచి కూడా అది తెలిసింది.

దాచడం ఎందుకు, పదో వేరియేషన్ దాటాక కాసేపు కునుకు పట్టింది. 25వది మాత్రం మైనర్ అనే, దిగులుగా వినిపించే స్వరక్రమంలో, చాలా నెమ్మదిగా, పక్కపక్క స్వరాల మీద జారుతూ వెళ్తుంది. గమకం లేని వాద్యమన్న నా ఫిర్యాదు అక్కడ మర్చిపోయాను.

మధ్యలో చప్పట్లు వద్దు, 'ఆహా' అసలే వద్దు. తొడ మీద తాళం వేసుకోవచ్చు, చప్పుడు రాకుండా. దగ్గుబిళ్ళ కాగితం ముందే విప్పి ఉంచుకోండి. మీ కచేరీలో ఏం వాయిస్తారో చూసుకుని, వెళ్ళేలోపు దాన్ని రెండు మూడుసార్లు వినండి.