ఇరవై ఏళ్ల సర్వీసుకి మెడల్ మీద ఒకే పట్టీ ఉంటే ఆ ఆఫీసర్ పెద్దగా ఏమీ చేయనట్టేనా?

ఫ్రాన్స్‌తో యుద్ధాల్లో పేరు తెచ్చుకున్న బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ కాలంలో బ్రిటిష్ నేవీలో పనిచేసిన ఒక లెఫ్టినెంట్ మెడల్ మ్యూజియంలో చూశాననీ, ఇరవై ఏళ్ల సర్వీసుకి ఒక్క వెండి మెడల్, దాని రిబ్బన్ మీద ఒక్కటే పట్టీ (పాల్గొన్న యుద్ధానికి గుర్తుగా పేరు చెక్కిన వెండి ముక్క) ఉందనీ రాశారు. అంటే ఆయన సర్వీసు మామూలుదే కదా అని అడిగారు. అలా అనుకోకండి. నేనూ మొదట్లో అలాగే లెక్కేసి పొరబడ్డాను.

మీరు చూసింది నేవల్ జనరల్ సర్వీస్ మెడల్ అయి ఉంటుంది. ఒకవైపు విక్టోరియా రాణి తల, రెండోవైపు త్రిశూలం పట్టుకుని సముద్రపు గుర్రం మీద కూర్చున్న బ్రిటానియా, అంటే బ్రిటన్‌కి ప్రతీకగా వేసే స్త్రీ బొమ్మ. తెల్ల రిబ్బన్‌కి రెండు అంచులా ముదురు నీలం. దీన్ని ప్రకటించింది 1847లో! నెల్సన్ గెలిచిన ట్రఫాల్గర్ యుద్ధం జరిగింది 1805లో. అంటే నలభై రెండేళ్ల తర్వాత, అప్పటికి బతికుండి, నేను ఫలానా ఓడలో ఉన్నానని అప్లై చేసుకున్నవాళ్లకే ఇది దక్కింది. ఈలోపు పోయినవాళ్లెందరో.

యుద్ధాలు జరుగుతున్న రోజుల్లో ఇచ్చింది బంగారు పతకం. 1794లో మొదలుపెట్టారు. అది అడ్మిరల్స్‌కీ కెప్టెన్లకీ మాత్రమే. ఓడలో వాళ్ల పక్కనే నిలబడి పోరాడిన లెఫ్టినెంట్‌కి పతకం లేదు. అదృష్టం బాగుంటే ప్రమోషన్ వచ్చేది, అంతే.

కెప్టెన్లకైనా న్యాయం జరిగిందా అంటే, ట్రఫాల్గర్‌లో నెల్సన్ తర్వాతి స్థానంలో ఉన్న కాలింగ్‌వుడ్ సంగతి చూడండి. పన్నెండేళ్ల వయసులో 1761లో ఓడెక్కాడు. లెఫ్టినెంట్ అయ్యేసరికి 1775, పద్నాలుగేళ్లు పట్టింది. 1794 జూన్ 1న ఫ్రెంచివాళ్లతో జరిగిన పెద్ద యుద్ధంలో ఆయన బార్‌ఫ్లర్ ఓడకి కెప్టెన్. అదే ఓడలో ఉన్న అడ్మిరల్ బోయర్‌కి కాలు పోయింది. అయినా పైకి పంపిన నివేదికలో కాలింగ్‌వుడ్ పేరు రాలేదు, పతకమూ రాలేదు. మూడేళ్ల తర్వాత సెయింట్ విన్సెంట్ యుద్ధంలో గెలిచాక పతకం ఇస్తామంటే ఆయన పుచ్చుకోనన్నాడు. జూన్ 1 పతకం ఇవ్వకుండా ఇది తీసుకుంటే, అప్పుడు జరిగిన అన్యాయం సబబేనని తానే ఒప్పుకున్నట్టవుతుందన్నాడు. చివరికి రెండూ పంపారు. ట్రఫాల్గర్‌తో మూడోదీ వచ్చింది. ఈ ఘట్టం నాకెంత ఇష్టమో చెప్పలేను. ఎదురుగా ఉన్న పతకాన్ని కాదనడానికి ఎంత గుండె కావాలి!

అంతటి మనిషి కూడా 1803లో ఇల్లు వదిలాక మళ్లీ ఇంటి గడప తొక్కలేదు. 1810 మార్చిలో సముద్రం మీదే పోయాడు. ఆ ఏళ్లలో ఎక్కువ భాగం శత్రువు రేవుల ముందు కాపలా. చలి, తుఫాను, కుళ్లిన నీళ్లు. అలాంటి కాపలాకి ఏ మెడల్ మీదా పట్టీ లేదు. పట్టీలు ఎంపిక చేసిన యుద్ధాలకే. మీ లెఫ్టినెంట్ ఇరవై ఏళ్లలో పదిహేనేళ్లు ఇలాగే గడిచి ఉండొచ్చు.

మాది విశాఖపట్నం. అందుకే ఈ పిచ్చి పట్టింది. 1804 సెప్టెంబర్‌లో మా ఊరి రేవు ముందే బ్రిటిష్, ఫ్రెంచి ఓడల మధ్య యుద్ధం జరిగింది. ఫ్రెంచి అడ్మిరల్ లినువా 74 ఫిరంగుల మరెంగో, మరో రెండు ఓడలతో వచ్చి, లంగరేసి ఉన్న 50 ఫిరంగుల బ్రిటిష్ ఓడ సెంచూరియన్ మీద పడ్డాడు. కెప్టెన్ లిండ్ ఆ సమయానికి ఒడ్డున ఉన్నాడు. పోరాటం మొదలుపెట్టింది లెఫ్టినెంట్ ఫిలిప్స్. సెంచూరియన్ నిలబడింది. దానికీ పట్టీ ఉంది, ‘సెంచూరియన్’ అనే పేరుతో.

ఆ పట్టీ ఉన్న మెడల్ కోసం వెతుకుతూనే ఒకసారి మోసపోయాను. లండన్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు ఒక డీలర్ దగ్గర వేరే యుద్ధం పట్టీతో మెడల్ కొన్నాను. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి అంచు తిప్పుతూ చూస్తే, పేరున్న చోట వెండి కాస్త పల్లంగా తగిలింది. అక్షరాల కింద సన్నటి గీతలు. అసలు పేరు అరగదీసి ఇంకో పేరు కొట్టారు. డబ్బు పోయినందుకు కాదు, చెరిపేసిన ఆ మనిషెవరో ఇక తెలియదని బాధేసింది.

అప్పట్నుంచి మెడల్ కంటే ముందు రికార్డు చూస్తున్నాను. లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో 1817 నుంచి ఆఫీసర్లు పంపిన సర్వీసు వివరాలున్నాయి. ఏ ఓడలో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది వాళ్లే రాసి పంపారు. యుద్ధం ముగిశాక ఓడలు తగ్గిపోవడంతో చాలామంది సగం జీతం మీద ఇంట్లోనే ఉండిపోయారు. ఆ కాగితాల్లో అదీ కనిపిస్తుంది.

మీరు మళ్లీ ఆ మ్యూజియంకి వెళ్తే అంచు మీద పేరు, హోదా, పట్టీ మీద యుద్ధం పేరు రాసుకుని ఇక్కడ పెట్టండి. ఆయన ఏయే ఓడల్లో తిరిగాడో ఇద్దరం కలిసి వెతుకుదాం.