లోకం కోసం మా బాబు నొప్పి భరించాలా?

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. జలుబు చేసిన రెండో రోజు నుంచి కుడి చెవి పోటు అంటున్నాడు. జ్వరం 101 ఉంది. పారాసిటమాల్ పట్టాక పడుకున్నాడు. డాక్టర్ చెవిలో చూసి ఇన్ఫెక్షన్ ఉందన్నారు కానీ యాంటీబయాటిక్ రాయలేదు. ‘ఊరికే వాడుతూ పోతే రేపు ఎవరికీ పనిచేయవమ్మా, రెండు రోజులు చూద్దాం’ అన్నారు. ఎప్పుడో ఎవరికో మేలు జరగాలని మా బాబు నొప్పి భరించాలా? ఇంట్లో పెద్దవాడికి వాడగా మిగిలిన సిరప్ ఉంది, అది పట్టొచ్చా?
– ఒక తల్లి

జవాబు: ముందు సిరప్ సంగతి. పట్టొద్దమ్మా. పొడిలో నీళ్లు కలిపాక ఆ సిరప్‌లు మందును బట్టి 7 నుంచి 14 రోజులకు మించి పనికిరావు. పైగా ఆ డోసు పెద్దవాడి బరువుకు లెక్కగట్టింది.

ఇక అసలు ప్రశ్న. మీ కోపంలో న్యాయం ఉంది. డాక్టర్ మొదటి బాధ్యత ఎదురుగా ఉన్న బిడ్డే. ఆ బిడ్డకు తప్పనిసరిగా కావాల్సిన మందును లోకం పేరు చెప్పి ఆపే హక్కు ఎవరికీ లేదు. మీరు రాసినదాన్ని బట్టి మీ డాక్టర్ నిర్ణయం సరైనదే, చెప్పిన కారణమే సగం. నేనైతే ముందు మీ బాబు గురించే చెప్పేవాణ్ని.

రెండేళ్లు దాటిన పిల్లల్లో ఒక చెవికే వచ్చి, చీము కారకుండా, నొప్పి, జ్వరం మరీ ఎక్కువగా లేకపోతే 48 నుంచి 72 గంటలు ఆగి చూడటం ఆమోదంలో ఉన్న పద్ధతే. చెవిపోటు పిల్లలపై జరిగిన పరిశోధనలన్నీ కలిపి లెక్కేస్తే, సుమారు 20 మందికి యాంటీబయాటిక్ ఇస్తే రెండు మూడు రోజులకు దానివల్ల అదనంగా నొప్పి తగ్గేది ఒకరికి. 14 మందికి ఇస్తే ఒకరికి వాంతులో, విరేచనాలో, దద్దుర్లో వస్తాయి. మొదటి 24 గంటల్లో నొప్పి మీద అది దాదాపు ఏమీ చేయదు. ఆ రాత్రి మీ బాబును పడుకోబెట్టింది పారాసిటమాలే.

ఇంకోటి. ఆ మందు చెవి దగ్గరే ఆగదు, పేగుల్లోని బ్యాక్టీరియా మీదా పడుతుంది. లొంగేవి చస్తాయి, లొంగనివి ఆ ఖాళీలో పెరుగుతాయి. అవి నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా ఒంట్లో ఉండిపోవచ్చు. మందును తట్టుకునే జన్యువును వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా అందించగలవు. చేతుల ద్వారా, బాత్రూమ్ ద్వారా ఇంట్లోవాళ్లకూ చేరతాయి. కాబట్టి మీరన్న ఆ ‘ఎవరో’ మీ పెద్దబాబు కావచ్చు, నానమ్మ కావచ్చు, ఆర్నెల్ల తర్వాత ఇదే బాబూ కావచ్చు.

అలాగని లోకం మాట ఉత్తదేం కాదు. 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే నేరుగా చనిపోయినవాళ్లు ప్రపంచమంతా కలిపి సుమారు 12.7 లక్షలని అంచనా. పసికందుకు రక్తంలో ఇన్ఫెక్షన్ సోకిందని అనుమానం వస్తే రిపోర్టుల కోసం ఆగం. కల్చర్‌కు, అంటే ఏ బ్యాక్టీరియానో పెంచి చూసే పరీక్షకు, రక్తం తీసి వెంటనే ఇంజెక్షన్ మొదలుపెడతాం. అది పనిచేయకపోతే రిపోర్టు వచ్చేలోపే బిడ్డ చేయి దాటిపోవచ్చు. అక్కడ మందు ఆపడమూ, మీ బాబుకు తొందరపడి రాయడమూ ఒకే స్థాయి తప్పులని నేననను. ప్రాణం మీదికొచ్చేదైతే అనుమానంతోనైనా ఇచ్చి తీరాలి. ఆగితే పోయేదేమీ లేనప్పుడే ఆగాలి. నిజం చెప్పాలంటే, మందు రాయడానికి అర నిమిషం చాలు, ఎందుకు రాయలేదో చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది. అక్కర్లేని చీటీలు చాలావరకు అక్కడే పుడతాయి.

ఆగమనే డాక్టర్‌కూ బాధ్యతలున్నాయి. నొప్పికి మందివ్వాలి, ఏం కనిపిస్తే మళ్లీ రావాలో వివరంగా చెప్పాలి. మళ్లీ రావడం కష్టమైతే ‘తగ్గకపోతేనే వాడండి’ అని చీటీ ముందే రాసివ్వచ్చు. మీరే అడగండి, అందులో మొహమాటం అక్కర్లేదు. ఇవేవీ లేకుండా ఊరికే ఆగమంటే అది వైద్యం కాదు, వదిలేయడం.

48 గంటలు దాటాక కూడా నొప్పి తగ్గకపోయినా, జ్వరం 102 దాటినా, చెవి కారినా బాబును మళ్లీ చూపించండి. చెవి వెనక వాపు, మెడ బిగుసుకోవడం, మగత ఉంటే అర్ధరాత్రైనా ఆస్పత్రికి వెళ్లండి. అప్పుడు యాంటీబయాటిక్ రాస్తే టెన్షన్ పడకుండా చెప్పినన్ని రోజులు పట్టండి. మధ్యలో హుషారుగా కనిపించి ఆపేయాలనిపిస్తే ముందు డాక్టర్‌కు ఫోన్ చేయండి.