ప్రకటన గుర్తుంది, పేరు గుర్తులేదు అన్న ప్రశ్నకు సమాధానం

మీ టేబుల్ ల్యాంప్ వీడియోలో పిల్లి దూకే సీను అందరికీ గుర్తుందని, కంపెనీ పేరు మాత్రం ఎవరూ చెప్పలేకపోయారని రాశారు. ప్రకటనల వాళ్లు దీన్ని వాంపైర్ ఎఫెక్ట్ అంటారండీ. ఆకర్షణ కోసం పెట్టిందే సరుకు మీద పడాల్సిన చూపును పీల్చేస్తుంది.

పిల్లిని తీసేయకండి, చాలా బాగుంది. కానీ అది దూకేది ఆ ల్యాంప్ వెలుగులోకే అవ్వాలి, పేరు ఆ క్షణంలోనే కనబడాలి, వినబడాలి. ఇప్పుడు చివరి రెండు సెకన్లలో వస్తోంది. అప్పటికి చూసేవాళ్ల వేలు తర్వాతి వీడియో మీదికి పోతుంది.

ఇక వీడియోలో ల్యాంప్ గురించి మీరు వరసగా చెప్పిన ఆ ఏడు సుగుణాలు. మనసు ఒకేసారి పట్టుకోగలిగేవి ఏడు, అటూఇటుగా రెండు అని 1956లో మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ రాశాడు. నిజానికి నాలుగేనని 2001లో అదే రంగానికి చెందిన నెల్సన్ కోవన్ వాదించాడు. అదీ శ్రద్ధగా వినేవాళ్ల సంగతి! ఒక్కటే ఉంచండి. నన్నడిగితే 'పేజీ అంతా ఒకే వెలుగు' అన్నదే.

వీడియోలో 'కళ్లకు హాని లేదు' అన్న మాట మార్చేయండి. కొన్నాళ్లకు 'లేదు' జారిపోయి కళ్లు, హాని మాత్రమే మనసులో మిగిలే ప్రమాదం ఉంది. 'కళ్లకు హాయి' అంటే సరిపోతుంది.

మళ్లీ పరీక్షించేటప్పుడు చూపించిన వెంటనే అడగొద్దు. మరుపు మొదట్లోనే వేగంగా జరుగుతుందని జ్ఞాపకశక్తి మీద ప్రయోగాలు చేసిన ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే చూపించాడు. మర్నాడు అడగండి. అదీ 'ఈ పేరు విన్నారా' అని కాదు, 'నిన్న ఏ ల్యాంప్ చూశారు' అని. పేరు చెప్తే గుర్తుపట్టడం చాలామందికి తేలికే, తమంతట తాము చెప్పగలిగారా అన్నదే మీకు కావాలి.