వెలుగులు మొదలయ్యాక 20 నిమిషాలు

చిట్టితల్లీ,

నిన్న రాత్రి ఫోన్లో నీ గొంతు వణుకుతుంటే నాకు 32 ఏళ్ళ కిందటి నా భయమే వినిపించింది. నువ్వు స్కూటర్ మీద వెళ్తుంటే ముందున్న ఆటో నంబరు సగమే కనిపించడం, ఆ ఖాళీ అంచున ఏదో మిలమిలలాడుతూ పెద్దదవడం, ఇంటికి చేరాక తలలో ఒక వైపు పోటు, వాంతి. అది మైగ్రేనేనని డాక్టరు తేల్చారు కాబట్టి, ఇన్నేళ్ళుగా దానితో బతుకుతున్న మనిషిగా నాకు తెలిసింది రాస్తున్నాను. కాగితం దాచుకో.

నాకు మొదటిసారి వచ్చింది తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతున్నప్పుడు. బోర్డు మీద ‘సమాంతర చతుర్భుజం’ అని రాసి వెనక్కి జరిగి చూస్తే ‘సమాంతర’ ఉంది, ‘చతుర్భుజం’ లేదు. అక్కడ చీకటి కూడా లేదు, అసలు ఏమీ రాయనట్టే ఉంది. పొరపాటున తుడిచేశానేమోనని మళ్ళీ రాశాను. కాసేపటికి ఆ చోట రంపపు పళ్ళలాంటి గీత ఒకటి, పట్టుచీర గుడి అంచులా, వెలుగుతూ ఆరుతూ పక్కకు జరగసాగింది. కళ్ళు మూసుకున్నా పోలేదు. చూపు పోతోందనుకుని పిల్లల ముందే కుర్చీలో కూలబడ్డాను. ఆ తర్వాత రెండేళ్ళు కంటి డాక్టర్ల చుట్టూ తిరిగి కళ్ళజోళ్ళు మార్చాను. నీకు ఆ రెండేళ్ళు వృథా కాకూడదు.

లోపం కంటిలో లేదమ్మా. మెదడు వెనక భాగంలో, చూపును పోల్చుకునే పొర మీద ఒక అల పుట్టి, నిమిషానికి 3 మిల్లీమీటర్ల చొప్పున మెల్లగా పాకుతుంది. అది తాకిన చోట కణాలు ముందు చెలరేగుతాయి, అదే మెరుపు. ఆ వెంటనే కాసేపు మూగబోతాయి, అదే ఖాళీ. లాష్లీ అనే అమెరికన్ శాస్త్రవేత్త తనకు కనిపించిన మెరుపులనే గీసుకుని, కొలిచి, 1941లో ఈ వేగాన్ని లెక్కగట్టాడు. 1944లో లియావో అనే బ్రెజిల్ పరిశోధకుడు కుందేళ్ళ మెదడులో అలాంటి అలను వర్ణించాడు.

ఇది చదివిన రోజే నాకు సగం భయం పోయింది. తర్వాతి సారి వెలుగులు రాగానే గ్రాఫ్ కాగితం తీసుకుని మధ్యలో ఒక చుక్క పెట్టాను. చూపు ఆ చుక్క మీదే నిలిపి, 5 నిమిషాలకోసారి వెలుగు అంచు ఎక్కడుందో పెన్సిల్‌తో గీశాను. ఒకదాని బయట ఒకటిగా నాలుగు నెలవంకలు వచ్చాయి. బయటికి వెళ్ళేకొద్దీ వాటి మధ్య దూరం పెరిగింది. చూపు నడిమి భాగానికి మెదడులో చోటు ఎక్కువ, అంచులకు తక్కువ. అందుకే అల ఒకే నడకన పోతున్నా మనకు చివర్లో పరుగెత్తినట్టు కనిపిస్తుంది. 22వ నిమిషానికి అది కాగితం దాటిపోయింది. ఎంత అందమైన లెక్కో!

నువ్వూ అలాగే గీయి. నీ వెలుగుల దారి నీకు తెలిస్తే, దారి తప్పినప్పుడు కూడా తెలుస్తుంది. ఒక్కో కన్నూ మూసి చూడు. రెండు కళ్ళతోనూ కనిపిస్తే మనదే. ఒక కంటికే అయినా, మెల్లగా పాకకుండా ఒక్కసారిగా చూపు పోయినా, గంట దాటినా, చెయ్యీ కాలూ పట్టు తప్పినా, మాట ముద్దగా వచ్చినా, ఎన్నడూ లేనంత నొప్పి ఉరుములా మీద పడినా, మైగ్రేనేలే అని పడుకోవద్దు. వెంటనే ఆస్పత్రికి వెళ్ళు.

మెరుపు కనిపించగానే స్కూటర్ ఆపేయ్. ఇల్లు రెండు సందుల దూరమే అని నడపొద్దు. ఆ ఖాళీలో ఒక మనిషి మొత్తం మాయమవుతాడు. బండి పక్కన పెట్టి, నీడలో కూర్చుని, నీళ్ళు తాగి, ఎవరికైనా ఫోన్ చెయ్యి.

డాక్టరు రాసిన మైగ్రేన్ మాత్ర సుమట్రిప్టాన్ వెలుగులప్పుడు కాదు, నొప్పి మొదలవగానే వేసుకో. అది నెలలో 10 రోజులు, మామూలు నొప్పి మాత్రలు 15 రోజులు మించుతూ పోతే ఆ మందులే తలనొప్పి తెస్తాయి. రాకుండా ఆపడానికి నాకు ప్రొప్రనలాల్ ఇచ్చారు. నీకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం కాబట్టి అది పడదు. డాక్టరు అడగకపోయినా నువ్వే చెప్పు.

ఇప్పుడు చెప్పేది నీకు ఎవరూ చెప్పరని నా బెంగ. వెలుగులతో వచ్చే మైగ్రేన్ ఉన్న ఆడవాళ్ళకు పక్షవాతం ముప్పు కొద్దిగా ఎక్కువ. నీ వయసులో అది చాలా చిన్నదే, కానీ ఈస్ట్రోజన్ అనే హార్మోను ఉన్న గర్భనిరోధక మాత్రలు దాన్ని పెంచుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా మనలాంటి వారు వాటిని వాడకూడదనే చెబుతోంది. వ్రతానికనో పెళ్ళికనో నెలసరి వాయిదా వేసే మాత్రలు మందుల షాపులో అడిగి తెచ్చుకోవడం మన ఇళ్ళలో మామూలే. అన్నీ ప్రమాదమని కాదు, వాటిలో ఏముందో మనం చూడం. పెళ్ళయ్యాక ఎవరు ఎంత బలవంతపెట్టినా, నీకు వెలుగులు వస్తాయని డాక్టరుకు చెప్పకుండా ఏ హార్మోను మాత్రా మింగకు.

ఉపవాసాలూ అంతే. కార్తిక సోమవారాలు నక్షత్రం చూసేదాకా పచ్చి మంచినీళ్ళతో ఉండేదాన్ని. చుక్కల కంటే ముందు నాకు ఆ మెరుపులే కనిపించేవి. ఇప్పుడు పాలు, పళ్ళు తీసుకుని దీపం పెడుతున్నాను. శివుడికి నా మీద కోపం వచ్చిందని నేను అనుకోను. వేళకు తిండి, వేళకు నిద్ర, సెలవు రోజున కూడా.

మీ అమ్మకు ఇది కళ్ళకు కట్టేలా చెప్పు. ఫోను ఎక్కువ చూడడం వల్లే అంటోందట. మా అమ్మ కూడా నెలకోసారి తలకు గుడ్డ బిగించి చీకటి గదిలో పడుకునేది. ఏమైందని మేమెవరం అడగలేదు. ఇప్పుడు నాకు చాలాసార్లు వెలుగులు వస్తాయి, నొప్పి రాదు. వయసుతో కొందరికి అలా మారుతుంది.

రేపు కొరియర్లో గ్రాఫ్ పుస్తకం పంపుతున్నాను. మొదటి నాలుగు పేజీలు నావి. ఐదో పేజీలో చుక్క పెట్టే ఉంచాను.

నీ పెద్దమ్మ