బాత్రూములో ఆసిడూ బ్లీచింగ్ పౌడరూ కలపకు

పర్లాకిమిడి

చిరంజీవి చిన్నాకి అత్త దీవెనలు.

బరంపురంలో రెండు గదుల వాటా తీసుకున్నావట, పనిమనిషి వద్దన్నావట, ఇల్లు నువ్వే చూసుకుంటానన్నావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తిన్న కంచం తియ్యని గుంటడు చీపురు పడతానంటే ముచ్చటేసింది. ఆ వెనకే బెంగా పట్టుకుంది. దేనికో కింద రాస్తాను.

నీకు తెలిసినవి ముందు అనేస్తాను. లేవగానే పక్క మడుచు. కంచం తిన్నప్పుడే కడుగు. చెప్పులు గుమ్మం బయటే. సామాన్లొచ్చిన అట్టపెట్టెలు ఆ రోజే పారెయ్యి, వాటి మడతల్లో బొద్దింకలు కాపురం పెడతాయి.

చీపుళ్ళు రెండుండాలి. ఇంట్లోకి కొండచీపురు, తడిచోటుకి కొబ్బరీనెల చీపురు. రాయగడ, కోరాపుట్ వైపు కొండల నుంచి వచ్చే కొత్త కొండచీపురు మొదట్లో నూగు రాలుస్తుంది. ఊడ్చినకొద్దీ నేల మీద పొడి కనపడితే నీకు ఊడ్చడం రాదనుకోకు. వాడే ముందు వాకిట్లో గోడకేసి నాలుగు బాది, పాత దువ్వెనతో దువ్వు. దానికి తడి తగిలిందా, అట్టకట్టి ముక్కవాసన పట్టేస్తుంది. ఫ్యాను ఆపి ఊడ్చాలని కూడా చెప్పాలేటి నీకు?

గోపాల్‌పూర్ సముద్రం అంత దగ్గర. అక్కడ ఇంటికి దుమ్ము కన్నా చెమ్మే పెద్ద శత్రువు. బీరువా గోడకి ఆనించకుండా నాలుగు వేళ్ళ ఎడం వదులు, లేకపోతే వానాకాలంలో వెనక బూజు పడుతుంది. పడుకునే ముందు సింకూ, స్టవ్ గట్టూ పొడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని ఉండచుట్టి పడెయ్యకుండా ఆరెయ్యి. బొద్దింక తిండి లేకుండా వారాలుంటుంది కానీ నీళ్ళు లేకుండా అన్నాళ్ళు ఉండలేదు. ఫ్రిజ్ వెనక నీళ్ళ పళ్ళెం, కూలరు తొట్టి, బకెట్లు వారానికోసారి తోము. పారబోస్తే చాలదు. డెంగీ దోమ గుడ్లు నీటిమట్టానికి కాస్త పైన అంచుకి అతుక్కుంటాయి, ఎండినా నెలల తరబడి చావవు, మళ్ళీ నీళ్ళు తగిలితే లేచొస్తాయి.

ఇక నా బెంగ. స్నానం అవగానే రబ్బరు వైపరుతో గోడ మీదా నేల మీదా నీళ్ళు కిందికి లాగెయ్యి. రెండు నిమిషాల పని. బద్ధకిస్తే బోరునీళ్ళలో ఉప్పులు ఎండి తెల్లటి పెచ్చు కడతాయి, నీళ్ళలో ఇనుముంటే ఎర్రగా మారుతుంది. రెండు నెలలకి అది గోకినా రాదు. అప్పుడు ఆదివారం పూట నువ్వు ఆసిడ్ సీసా పట్టుకుంటావు. మన ఇళ్ళల్లో తరతరాలుగా చేస్తున్న తప్పు అక్కడే మొదలవుతుంది. ఆసిడ్ పోస్తారు, మరక పోదు. దాని మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు. రెండూ కలిస్తే బలం రెట్టింపని వాళ్ళ లెక్క. రెండూ కలిస్తే పుట్టేది క్లోరిన్ గ్యాసురా! గాలి కన్నా బరువు, పైకి పోకుండా నేల దగ్గరే నిలుస్తుంది. నువ్వేమో తలుపేసుకుని గొంతుక్కూర్చుని, సరిగ్గా ఆ ఎత్తులోనే ముఖం పెట్టి రుద్దుతుంటావు. ఆ ఘాటు వాసనకి బాగా శుభ్రమవుతోందని మురిసిపోతావు.

మరుగుదొడ్డి కడిగే సీసాల్లో చాలావాటిలో ఉండేదీ ఆ ఆసిడే. కాబట్టి "నేను ఆసిడ్ కొనలేదత్తా" అని తప్పించుకోకు. ఒకటి వాడిన రోజు రెండోది ముట్టుకోకు, మూల్లోనూ గొట్టంలోనూ మొదటిది మిగిలే ఉంటుంది. ఎప్పుడైనా పొరపాటున కలిసి కళ్ళు మండి దగ్గొచ్చిందా, నీళ్ళు పోసి కడిగేద్దామని అక్కడ నిలబడకు. తలుపు తెరిచి బయటికొచ్చెయ్యి, కళ్ళు పావుగంట మంచినీళ్ళతో కడుగు, ఎం.కె.సి.జి. ఆసుపత్రికి వెళ్ళు. దగ్గు తగ్గింది కదా అని ఇంట్లో పడుకోకు, కొన్ని గంటల తరవాత కూడా ఊపిరి ఆడకపోవచ్చు. తిడుతున్నానని అనుకోకు నాయనా, దూరాన ఉన్నావు.

పెచ్చు కట్టినా ఆసిడ్ అక్కర్లేదు. అర లీటరు వేడినీళ్ళలో రెండు చెంచాల నిమ్మఉప్పు కలిపి, గుడ్డ తడిపి కుళాయికి చుట్టి అరగంట వదిలి, పాత బ్రష్షుతో తోము. మొజాయిక్, పాలరాయి మీద మాత్రం వద్దు, మెరుపు తినేస్తుంది. నిమ్మఉప్పు కూడా ఆసిడ్ జాతే, దాని మీదా బ్లీచింగ్ చల్లకు.

మరచిపోయేదాన్ని. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. సర్టిఫికెట్లు, ఆధారు, బ్యాంకు పుస్తకం నీళ్ళు చొరని ఒకే కవర్లో పెట్టి పై అరలో ఉంచు. తాళంచెవికీ టార్చికీ తలుపు పక్కన చెరో మేకు కొట్టు. కరెంటు పోయినప్పుడు చెయ్యి నేరుగా అక్కడికే పోవాలి.

ఆదివారం బస్సుకి వచ్చేవాళ్ళ చేత కొండచీపురు, వైపరు, తుడుపుగుడ్డలకి నా పాత నూలుచీర ముక్కలు, నిమ్మఉప్పు పంపుతున్నాను. పొట్లం మీద పేరు రాశాను. పంచదార అనుకుని టీలో వేసుకునేవు.

మీ అత్త