క్రియేషన్ రికార్డ్స్ అనే బ్రిటిష్ రికార్డు సంస్థను నడిపిన అలన్ మెగీకి సొంత బ్యాండ్ ఉండేదా?

ఉండేది. పేరు బిఫ్ బ్యాంగ్ పౌ. ఒయాసిస్ అనే రాక్ బ్యాండ్‌ను ప్రపంచానికి చూపించిన వ్యక్తిగానే మెగీ అందరికీ తెలుసు గానీ, ఆయన పాటలు రాసి పాడేవాడు కూడా. గ్లాస్గో నుంచి లండన్ వచ్చి 1983లో ఆ లేబుల్ (రికార్డు సంస్థ) పెట్టాడు, అప్పుడే డిక్ గ్రీన్‌తో కలిసి ఈ బ్యాండ్ మొదలుపెట్టాడు. 1960ల నాటి ‘ది క్రియేషన్’ అనే ఇంగ్లిష్ బ్యాండ్ అంటే ఎంత పిచ్చి అంటే, లేబుల్‌కు వాళ్ల పేరు, తన బ్యాండ్‌కు వాళ్ల పాట పేరు పెట్టుకున్నాడు! తొలి ఆల్బమ్ 1985లో వచ్చింది. జీసస్ అండ్ మేరీ చెయిన్, ప్రైమల్ స్క్రీమ్ లాంటి బ్యాండ్లతో లేబుల్ పెద్దదయ్యేకొద్దీ సొంత సంగీతం వెనకబడి, 1991తో ఆగిపోయింది. 1987 నాటి ‘ఆబ్లివియన్’ ఆల్బమ్ వినండి, గిటార్ పాప్ ఇష్టమైతే తప్పక నచ్చుతుంది. దానికి రావాల్సినంత పేరు రాలేదనే నా బాధ.